నాగసాకి చేరిన పాలకుండ

1820లో జపాన్‌లోని నాగసాకి రేవులో, దెజిమా అనే చిన్న దీవి మీద కొందరు డచ్చి ఉద్యోగులు ముఖాలకు రంగు పూసుకుని రెండు హాస్య నాటికలు ఆడారు. ఒకదాని పేరు ‘దె ఓన్‌ఖెడుల్డిఖె’, అంటే ఓపిక లేనివాడు. రెండోది ‘దె త్వే యాఖర్స్ ఎన్ హెట్ మెల్క్‌మైష్యె’, అంటే ఇద్దరు వేటగాళ్లు, ఒక పాలపిల్ల. ఆడినవాళ్లెవరికీ నటన వృత్తి కాదు. పొద్దంతా సరుకుల లెక్కలు, దస్తావేజులు చూసుకునే కొలువుదార్లు వాళ్లు. ప్రేక్షకులు నాగసాకి పాలనాధికారులు, వాళ్ల పరివారం, డచ్చి భాష వచ్చిన జపాన్ దుబాసీలు. ఆ ప్రదర్శన ఎలా సాగిందో జపాన్ చిత్రకారులు కాగితపు చుట్టల మీద రంగుల్లో గీసి పెట్టారు. ‘ఒరాండా షిబాయ్’, అంటే డచ్చి నాటకం అన్న పేరుతో ఆ బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి.

జపాన్‌లో యూరప్ నాటకం అంతకు ముందు లేదని కాదు. పదహారో శతాబ్దంలో జెసూట్ మిషనరీలు బైబిలు కథలను అక్కడ ఆడించారు. ఆ తర్వాత క్రైస్తవమే నిషిద్ధమైంది, దానితో పాటు ఆ నాటకాలూ పోయాయి. మతబోధతో సంబంధం లేకుండా, కేవలం నవ్వుకోవడానికి ఆడిన యూరప్ ఆటగా 1820 నాటి ప్రదర్శనకు ప్రత్యేకత ఉంది. రెండో నాటికలో పాటలు కూడా ఉన్నాయి కాబట్టి, జపాన్‌లో పాశ్చాత్య ఒపేరా చరిత్రను అక్కడి నుంచే మొదలుపెట్టేవాళ్లూ ఉన్నారు.

నాలుగెకరాల లోకం

దెజిమా సహజమైన దీవి కాదు. పోర్చుగీసు వర్తకులను ఊళ్లో తిరగనివ్వకుండా ఒకచోట కట్టడి చేయడానికి 1634 నుంచి 1636 వరకు సముద్రంలో మట్టి పోసి కట్టించినది. విప్పిన విసనకర్ర ఆకారం. విస్తీర్ణం నాలుగెకరాలకు కాస్త తక్కువ. అర కిలోమీటరుకు కొంచెం పైగా నడిస్తే దీవి చుట్టూ తిరిగొచ్చినట్టే. 1639లో పోర్చుగీసువారిని దేశం నుంచే వెళ్లగొట్టారు. ఖాళీ అయిన దీవిలోకి 1641లో, అప్పటిదాకా వాళ్లున్న హిరాడో నుంచి డచ్చివారిని మార్చారు. మతం జోలికి రాకుండా వ్యాపారం మాత్రమే చేసుకుంటామన్నందుకు, రెండు శతాబ్దాలకు పైగా జపాన్‌తో వర్తకం చేసే అవకాశం యూరప్ దేశాల్లో వాళ్లొక్కరికే దక్కింది.

ఆ అవకాశానికి షరతులు గట్టివే. ఊరికీ దీవికీ మధ్య ఒకే వంతెన, దాని కొసన కాపలా. ఎవరు లోపలికి రాకూడదో రాసిన పలక ద్వారం దగ్గర నిలబెట్టారు. స్త్రీలలో వేశ్యలకు తప్ప మరెవరికీ ప్రవేశం లేదు. సాధువుల్లో కోయా కొండ సన్యాసులకు మాత్రమే మినహాయింపు. డచ్చివారు అనుమతి లేకుండా వంతెన దాటకూడదు. దీవిలో స్థిరంగా ఉండే డచ్చివారు మామూలుగా ఓ పదీ పదిహేను మంది. బటేవియా నుంచి, అంటే నేటి జకార్తా నుంచి, ఏడాదికి ఒకసారి ఒకటో రెండో ఓడలు వచ్చేవి. చక్కెర, బట్టలు, పుస్తకాలు దించి, రాగి, కర్పూరం ఎక్కించుకుని వెళ్లేవి. ఆ కొద్ది వారాలు దీవి తిరునాళ్లలా ఉండేది. మిగిలిన ఏడాదంతా నిద్ర.

ఆ ఓడల్లో తెలుగు తీరపు సరుకు కూడా చాలాకాలం జపాన్ వెళ్లింది. డచ్చివారు 1605లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్నారు. పాలకొల్లు, భీమునిపట్నం కూడా వాళ్ల కేంద్రాలే. కోరమండల్ తీరపు అద్దకం బట్టలను జపాన్‌వారు ‘సరసా’ అని పిలిచి, చిన్న ముక్కను కూడా పారేయకుండా టీ పాత్రలకు సంచులుగా కుట్టుకునేవారు. డచ్చివాడు జపాన్‌వారికి ‘ఒరాండా’. మచిలీపట్నంలో వలందపాలెం పేరులోని ‘వలందా’ కూడా ఆ మాటే. పోర్చుగీసువారు పలికిన ‘హోలాండా’ రెండు తీరాల్లోనూ అలా నిలిచిపోయింది.

నాటకం ఆడే నాటికి దెజిమా ఒక పెద్ద కరువు నుంచి తేరుకుంటోంది. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1799 చివరికి అంతరించింది. 1810లో నెదర్లాండ్స్ నెపోలియన్ సామ్రాజ్యంలో కలిసిపోయింది, 1811లో జావా ఇంగ్లీషువారి చేతికి చిక్కింది. హెండ్రిక్ డూఫ్ అనే అధిపతి మాత్రం దెజిమా మీద డచ్చి జెండాను దించకుండా ఉంచాడు. ఏళ్ల తరబడి మామూలు ఓడలు రాలేదు. బట్టలకు, చెప్పులకు కూడా కటకటలాడారు. ఆ తీరికలో డూఫ్ జపాన్ దుబాసీలతో కూర్చుని డచ్చి-జపాన్ నిఘంటువు మొదలుపెట్టాడు, హైకూలు కూడా రాశాడు.

1817లో ఓడలు మళ్లీ వచ్చాయి. కొత్త అధిపతి యాన్ కాక్ బ్లోమ్‌హాఫ్ తన భార్య టిటియా బెర్గ్‌స్మాను, చంటి కొడుకును, పాలిచ్చే దాదిని వెంటబెట్టుకుని దిగాడు. నిబంధన ఒప్పుకోలేదు. కొన్ని నెలలు అర్జీలు నడిచాయి. చివరికి డిసెంబరులో, తిరిగి వెళుతున్న డూఫ్‌తో పాటే ఆమెనూ ఓడ ఎక్కించారు. నాగసాకి చిత్రకారులు ఆ కొద్ది నెలల్లోనే ఆమె బొమ్మను ఎన్నోసార్లు గీశారు. ఇప్పటికీ ఆ ఊళ్లో అమ్మే బొమ్మల మీద ఆమె రూపం కనిపిస్తుంది. భార్యాభర్తలు మళ్లీ కలుసుకోలేదు. ఆమె 1821లో కన్నుమూసింది. 1820లో దెజిమాలో నవ్వుల నాటకం ఆడినప్పుడు దీవికి పెద్ద బ్లోమ్‌హాఫే. ఆ నవ్వుల వెనక ఈ కథ కూడా ఉంది.

షోగన్ కూర్చున్న తెర ముందు

జపాన్ దొరల ముందు డచ్చివారు వేషం కట్టడం అది మొదటిసారి కాదు. దెజిమా అధిపతి ఎదో నగరానికి, అంటే ఇప్పటి టోక్యోకు, వెళ్లి దేశాన్ని ఏలే షోగన్‌కు దండం పెట్టి కానుకలు సమర్పించుకోవాలి. చాలాకాలం అది ఏటేటా సాగింది. 1691, 1692 సంవత్సరాల్లో ఆ పరివారంలో వెళ్లిన జర్మన్ వైద్యుడు ఎంగెల్‌బెర్ట్ కెంప్ఫర్ అక్కడ జరిగినదంతా రాసి పెట్టాడు. షోగన్ త్సునయోషి, అంతఃపుర స్త్రీలు వెదురు తెరల వెనక కూర్చుని విదేశీయులను ఆడించారు. లేచి నడవమన్నారు, ఒకరికొకరు నమస్కారాలు చేసుకోమన్నారు, ఎగరమన్నారు, తాగుబోతులా తూలమన్నారు. పాట పాడమంటే కెంప్ఫర్ పాడాడు కూడా.

కెంప్ఫర్ కోపగించుకున్నాడు గానీ కాదనలేకపోయాడు. వ్యాపారం నిలబడాలంటే కోతి గంతులు తప్పవని వాళ్లకు తెలుసు. దానికీ 1820 నాటి నాటకానికీ మధ్య ఉన్నది నూట ముప్పై ఏళ్లే, కానీ తేడా పెద్దది. కెంప్ఫర్ కాలంలో ఆడించింది చూసేవాళ్లు. దెజిమా నాటికల్లో ఏం ఆడాలో, ఎలా ఆడాలో ఆడేవాళ్లే ఎంచుకున్నారు. దొరలు అతిథులుగా వచ్చి కూర్చున్నారు. కొలువులో చూపుడు వస్తువుగా నిలబడినవాడు తన గడపలో ఆతిథ్యం ఇచ్చేవాడయ్యాడు. కాపలా మాత్రం అలాగే ఉంది, వంతెన కూడా అలాగే ఉంది.

ఆ మధ్యకాలంలో జపాన్‌వారి ఆసక్తి కూడా మారింది. డచ్చి పుస్తకాల ద్వారా వైద్యం, ఖగోళం నేర్చుకునే ‘రంగకు’ అనే విద్య పెరిగింది. సుగిత గెన్పాకు, ఆయన మిత్రులు శరీర నిర్మాణ శాస్త్ర గ్రంథాన్ని డచ్చి నుంచి అనువదించి 1774లో ప్రకటించారు. 1820లో ప్రేక్షకుల్లో కూర్చున్న దుబాసీలు డచ్చివాళ్లను వింత జంతువుల్లా చూసే తరం వాళ్లు కారు. వాళ్ల వృత్తే ఆ భాష.

డచ్చి నాటకం, ఫ్రెంచి పుట్టుక

ఆడింది డచ్చి భాషలోనే అయినా రెండు నాటికలూ పుట్టింది పారిస్‌లో. మొదటిది లాంతియే రాసిన ‘లెంపాస్యాఁ’ అనే ఏకాంకిక. రెండోది లూయీ ఆన్సోమ్ మాటలు రాసి, ఎజీదియో దూనీ సంగీతం కూర్చిన పాటల ఏకాంకిక. 1763లో మొదటిసారి ఆడారు. దూనీ ఇటలీలోని మతేరాలో పుట్టి పారిస్‌లో పేరు తెచ్చుకున్నవాడు. ఆనాటి డచ్చి రంగస్థలానికి ఇది వింతేమీ కాదు. ఫ్రెంచి పద్ధతే గొప్పదని వాదించే సాహిత్య సంఘాలు అక్కడ 1669 నుంచే ఉన్నాయి, ఆమ్‌స్టర్‌డామ్‌లో అనువాద నాటకాలకే గిరాకీ ఎక్కువగా ఉండేది. డూఫ్ నిఘంటువుకు ఆధారం కూడా హాల్మా కూర్చిన డచ్చి-ఫ్రెంచి నిఘంటువే. జపాన్ అప్పట్లో ‘డచ్చి’ అని నేర్చుకున్న దానిలో కొంత ఫ్రెంచి సరుకు.

అయితే ఔత్సాహికులు నాటకం ఆడడం మాత్రం అచ్చమైన డచ్చి అలవాటు. పదిహేనో శతాబ్దం నుంచి ఆ దేశపు ఊళ్లలో ‘రెడెరైకర్స్’ అనే కవితా సంఘాలుండేవి. పగలు వ్యాపారం, చేతిపని చేసుకునే గృహస్థులు సాయంత్రం చేరి పద్యాలు కట్టేవారు, పండగలకు నాటకాలు ఆడేవారు, ఊరికి ఊరు పోటీ పడేవారు. పదిహేడో శతాబ్దపు గొప్ప హాస్య నాటకకర్త బ్రెడెరో ఆ సంఘాల్లోనే ఎదిగాడు. చిత్రకారుడిగా శిక్షణ పొందిన బ్రెడెరో 1617లో ఆమ్‌స్టర్‌డామ్ వీధుల మోసగాళ్లను, అప్పులవాళ్లను ‘స్పాన్‌ష్కెన్ బ్రాబాండర్’లో నిలబెట్టి, మరుసటి ఏడాది ముప్ఫై మూడేళ్ల వయసులో పోయాడు. 1638లో తెరిచిన ఆమ్‌స్టర్‌డామ్ నాటకశాల లాభాలు అనాథాశ్రమానికి, వృద్ధుల ఆశ్రమానికి చేరేవి. డచ్చి భాషలో ఔత్సాహికుణ్ని ‘లీఫ్‌హెబ్బర్’ అంటారు, ప్రేమించేవాడు అని అర్థం. దెజిమా గుమాస్తాలకు నాటకం ఆడాలనిపించడం వెనక ఇంత వాడుక ఉంది.

ఎలుగు తోలు, పాలకుండ

రెండో నాటికలో మనుషులు ముగ్గురే: ఖీయో, కొలా అనే వేటగాళ్లు, పెరెత్ అనే పాలపిల్ల. నాలుగో పాత్ర ఎలుగుబంటి. ఫ్రెంచి కవి లా ఫోంతేన్ రాసిన రెండు నీతికథలను ఒక్కచోట ముడివేసి అల్లిన కథ ఇది.

వేటగాళ్ల కథలో ఇద్దరు మిత్రులు ఇంకా చంపని ఎలుగు తోలును ఒక వ్యాపారికి ముందే అమ్మేస్తారు. అడవిలో నిజంగానే ఎలుగు ఎదురవుతుంది. ఒకడు చెట్టెక్కుతాడు. రెండోవాడు నేల మీద చచ్చినట్టు పడుకుంటే ఎలుగు వాసన చూసి పోతుంది. నీ చెవిలో ఏం చెప్పింది అని చెట్టు మీదివాడు అడిగితే, ఎలుగును పడగొట్టక ముందే దాని తోలు అమ్మవద్దంది అని రెండోవాడు జవాబిస్తాడు. డచ్చి భాషలో ఈ మాట సామెతగానే ఉంది. పాలపిల్ల కథలో పెరెత్ తలమీద కుండ పెట్టుకుని సంతకు పోతూ లెక్కలు వేస్తుంది. పాల డబ్బుతో గుడ్లు, గుడ్లతో కోడిపిల్లలు, కోళ్లతో పంది, పందిని అమ్మితే ఆవూ దూడా. దూడ గెంతినట్టు తనూ గెంతుతుంది. పాలు నేలపాలు.

ఈ రెండో కథ తెలుగువారికి పాత చుట్టమే. పంచతంత్రంలోని అయిదో తంత్రంలో ఒక పిసినారి బ్రాహ్మణుడు సత్తుపిండి నిండిన కుండను తల దగ్గర వేలాడదీసుకుని పడుకుంటాడు. కరువొస్తే పిండి నూరు రూపాయలు పలుకుతుంది, దాంతో మేకలు, మేకలతో ఆవులు, ఆ తర్వాత గేదెలు, గుర్రాలు, మేడ, పెళ్లాం, సోమశర్మ అనే కొడుకు. కొడుకును పట్టించుకోని పెళ్లాన్ని కలలోనే ఒక తన్ను తంతాడు. కుండ పగిలి పిండంతా వాడి ఒంటి మీద పడుతుంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న తెలుగు సామెత నవ్వేది ఇలాంటి మనిషినే.

ఆ కుండ పారిస్ దాకా వెళ్లిన దారి పొడవైనది. ఆరో శతాబ్దంలో పంచతంత్రం ఇరాన్‌లో పహ్లవీ భాషలోకి, ఎనిమిదో శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా చేతిలో అరబ్బీలోకి, ఆ తర్వాత హీబ్రూ, లాటిన్ భాషల్లోకి వెళ్లింది. దారిలో పిండి తేనె అయింది, తేనె పాలయింది, మంచం మీది బ్రాహ్మణుడు సంతకు నడిచే ఆడమనిషి అయ్యాడు. పధ్నాలుగో శతాబ్దపు స్పానిష్ రచయిత డాన్ హువాన్ మానుయేల్ చేతిలో ఆమె నెత్తిన ఉన్నది తేనె కుండ. లా ఫోంతేన్ 1678లో రెండో సంపుటిని ప్రకటిస్తూ తన కథల్లో చాలా వాటికి భారతీయ పండితుడు పిల్పేకి రుణపడ్డానని ముందుమాటలో ఒప్పుకున్నాడు. పిల్పే అన్నది పంచతంత్ర కథకుడికి పడమటి దేశాలవారు వాడిన పేరు. ఇండియా నుంచి పడమటికి వెళ్లిన కథ, ఆఫ్రికా కొసను చుట్టి వచ్చిన డచ్చి ఓడల దారిలో మళ్లీ తూర్పుకు తిరిగి, ఇండియా దాటి నాగసాకిలో దిగింది.

దెజిమా వాళ్లు ఈ కథనే ఎంచుకోవడానికి కారణం అది కొద్దిమంది పాత్రధారులతో సరిపెట్టుకోగలిగినంత సాదాది కావడం కావచ్చు. కానీ వాళ్ల బతుకుకు ఇంతకంటే సరిగ్గా అతికే కథ దొరకదు. వచ్చే ఏటికి ఏ సరుకు కావాలో జపాన్ దొరలు ముందే జాబితా ఇస్తారు. దాన్ని డచ్చివారు ‘ఐస్’ అనేవారు. ఆ సరుకు వస్తుందన్న లెక్క మీద ఏడాది గడుస్తుంది. ఓడ తుపానులో చిక్కితే, యుద్ధంలో ఆగిపోతే ఆ లెక్కంతా పాలకుండే. పదేళ్ల కిందట ఆ దీవిలో అచ్చంగా అదే జరిగింది. చంపని ఎలుగు తోలు అమ్మినవాళ్లను చూసి నవ్వడానికి వాళ్లకు ఉన్నంత హక్కు మరెవరికీ లేదు.

ఆడవేషం, పాల సంగతి

పెరెత్ పాత్ర ఎవరో ఒక మగవాడు వేయక తప్పదు. దీవిలో డచ్చి ఆడమనిషే లేదు. ఈ విషయంలో రెండు దేశాల చరిత్రలు ఎదురెదురుగా నడిచాయి. జపాన్‌లో కబుకీ నాటకాన్ని మొదలుపెట్టింది స్త్రీలే. 1629లో ప్రభుత్వం వాళ్లను రంగస్థలం నుంచి నిషేధించాక ఆడవేషం ‘ఒన్నగాత’ అనే మగ నటుల సొత్తయింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదట ఆడవేషాలన్నీ మగవాళ్లవే. 1655లో అరియానా నోజెమాన్ నటిగా అక్కడి వేదిక ఎక్కింది. ఒకచోట స్త్రీలను దింపేసిన పాతికేళ్లకు మరోచోట ఎక్కించారు. 1820లో డచ్చివాళ్లు తమ దేశంలో ఎప్పుడో వదిలేసిన పద్ధతికి తిరిగి వెళ్లారు, నిబంధన వల్ల. చూసే జపాన్‌వారికి మాత్రం అందులో నవ్వొచ్చేదేమీ లేదు. మగవాడు ఆడవేషం కట్టడం వాళ్ల దృష్టిలో నటుడు చేసే పని. కబుకీలో ఒన్నగాత నడకకు, చేతి కదలికకు ఏళ్ల సాధన ఉంటుంది. గుమాస్తా కట్టిన పాలపిల్ల వేషం ఆ కళ్లకు ఎలా ఆనిందో ఊహించుకోవలసిందే.

మాట తెలియని ప్రేక్షకుడికి ఏం అందుతుందన్నది ఇలాంటి ప్రదర్శనలన్నిటికీ పరీక్ష. ఎలుగుబంటి అందుతుంది. జపాన్ కొండల్లో ఎలుగులున్నాయి, వేటగాళ్లున్నారు. తోలు కప్పుకున్న మనిషి వేదిక మీదికి వస్తే ఏ దేశంలోనైనా పిల్లలు అరుస్తారు, పెద్దలు నవ్వుతారు. చెట్టెక్కేవాడికి, శవంలా పడుకునేవాడికి భాష అక్కర్లేదు. పాలకుండ దగ్గరే చిక్కు. ఆనాటి జపాన్‌లో పాలు రోజువారీ ఆహారం కాదు, పాలమ్మి బతికే వృత్తి జనానికి తెలియదు. పాలు అమ్మితే గుడ్లు, గుడ్లు పొదిగితే కోళ్లు అన్న లెక్క ముందు నడవాలి, ఆ తర్వాతే కుండ ఒలికినందుకు నవ్వు వస్తుంది. ఇక్కడ దుబాసీలకు పని పడి ఉంటుంది. ‘ఓపిక లేనివాడు’ సంగతి ఇంకా కష్టం. అందులో నవ్వంతా మాటలో ఉంది, పద్యంలో రాసిన మాటలో. రెంటినీ పక్కపక్కన పెట్టడం మంచిదే అయింది.

డచ్చివారు ఆసియాలో, మిగతా వలసల్లో ఎక్కడున్నా ఇలాంటి ఆటలు కట్టారు. బటేవియాలో ఔత్సాహిక నాటక సంఘం పుట్టింది, 1821లో అక్కడ కట్టిన నాటకశాల ఈనాటికీ జకార్తాలో వాడుకలో ఉంది. కేప్ టౌన్‌లో బోనిఫాస్ అనే ఫ్రెంచివాడు 1832లో మద్యనిషేధ సంఘాలను వెక్కిరిస్తూ డచ్చి భాషలో హాస్య నాటకం ప్రకటించాడు. దక్షిణ అమెరికాలోని పరమారిబోలో 1837లో పుట్టిన ‘తాలియా’ నాటక సంఘానికి సొంత వేదిక ఉంది. కానీ ఆ ఊళ్లలో ఆడేవాళ్లూ చూసేవాళ్లూ ఎక్కువగా వాళ్లవాళ్లే. దెజిమాలో ఆడేవాళ్లు కాపలాలో ఉన్నవాళ్లు, చూసేవాళ్లు ఏలేవాళ్లు. అందుకే మిగతాచోట్ల ప్రదర్శనలు వలస జీవితంలో కాలక్షేపాలుగా మిగిలితే, దెజిమా ప్రదర్శనను ఎదుటివాళ్లు బొమ్మలు గీసి దాచుకున్నారు.

ఆ కాలపు దెజిమాను అందరికంటే ఎక్కువగా గీసినవాడు కవహరా కెయిగా. దీవిలోకి అడుగుపెట్టే అనుమతి ఉన్న కొద్దిమంది చిత్రకారుల్లో ఒకడు. డచ్చివారు భోంచేయడం, బిలియర్డ్స్ ఆడడం అతని కుంచె నుంచే తెలుస్తున్నాయి. బ్లోమ్‌హాఫ్ 1823లో వెళ్లిపోయాడు. దీవిలో ఉద్యోగం చేసిన ఓవర్‌మేర్ ఫిష్షర్ 1833లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జపాన్ గురించి పెద్ద పుస్తకం అచ్చువేశాడు. ఇద్దరూ పోగుచేసుకుని పోయిన వస్తువులు లైడెన్ మ్యూజియంలో ఉన్నాయి. దెజిమా చుట్టూ ఉన్న సముద్రాన్ని 1904 నాటికి పూడ్చేశారు, దీవి నగరంలో కలిసిపోయింది. ఇటీవలి దశాబ్దాల్లో గోదాములను, అధిపతి ఇంటిని పాత కొలతలతో మళ్లీ కట్టారు. 2017లో ద్వారం ఎదుట కొత్త వంతెన వేశారు. దాని మీదుగా ఇప్పుడు టికెట్టు కొనుక్కున్నవాళ్లెవరైనా లోపలికి వెళ్లవచ్చు.